నూనెక్క ముక్కు

ఆసుపత్రి వంటాయన తను తెచ్చిన క్యారియరు మూత తీసి గోదాం గడప మీద పెట్టాడు.

"తినండి. తలా ఓ చెంచాడు తినండి. మంచాల మీద పడున్నవాళ్ళు తిన్నారుగా, మీరూ తినండి," అన్నాడు.

ఉడకబెట్టిన పెసలు. చూపుకి ఏ లోటూ లేదు, ఒక్క పుచ్చు గింజ లేదు. మేనేజరు అందరికంటే ముందు నోట్లో వేసుకుని ఆముదం తాగిన మొహం పెట్టాడు. నిజానికి ఆముదమే అయితే ఇంత గొడవ ఉండేది కాదు. చెరిగే ఆడవాళ్ళిద్దరు పంపు దగ్గరికి పరిగెత్తి ఉమ్మేసి, కొంగుతో నాలుకలు తుడుచుకున్నారు. మూడో ఆవిడ వాళ్ళ అవస్థ చూసి, తనకి పంటినొప్పిగా ఉందంది.

నూనెక్క వేలితో నాలుగు గింజలు తీసి నాలుక మీద వేసుకుంది. చేదు. మాడిన చేదు కాదు, మందుల చేదు కాదు. మింగేశాక కూడా గొంతులోనే కూర్చునే చేదు. వేపనూనె. ఆమె పక్కనున్న బస్తా మీద కూలబడింది.

"కడగలేదా?" అన్నాడు మేనేజరు.

"రెండుసార్లు వేణ్ణీళ్ళతో కడిగించాను సార్. ఆముదం అయితే ఒక్క కడుగుతో పోతుంది. ఇది పోతేగా! ఇద్దరు వాంతి చేసుకున్నారు. ఓ ముసలాయన నామీద గిన్నె విసిరాడు. పెద్ద డాక్టరు పిలిపించి, పథ్యం పెడుతున్నావా విషం పెడుతున్నావా అన్నాడు. నన్నేం చెప్పమంటారు?"

"వండేముందు వాసన రాలేదా?"

"మీ గోదాం బస్తాకి ఎప్పుడు రాలేదు గనక? ఇక్కణ్ణించి వచ్చిన గోనెసంచి కూడా వేప కంపే కొడుతుంది. గింజకి అంటుకుందని నేనేం కలగన్నానా?"

అదీ నిజమే. ఆ గోదాంలో రెండే నూనెలు. తినే గింజకి ఆముదం, విత్తే గింజకి వేపనూనె. పురుగు వచ్చి గింజ మీద సూదిమొనంత తెల్ల చుక్క పెడుతుంది. అదే గుడ్డు. గింజకి నూనె పట్టి ఉంటే గుడ్డుకి ఊపిరాడదు, అక్కడికక్కడే పోతుంది. పట్టకపోతే పిల్ల గింజలోకి దూరి, లోపల పప్పంతా తినేసి, గుండ్రటి కన్నం పెట్టుకుని దర్జాగా బయటికొస్తుంది. ఒక్క బస్తాలో మొదలైతే గోదాం మొత్తానికి పాకుతుంది. అందుకే పంట రాగానే ఎండబెట్టడం, నీడన ఆరబెట్టడం, పట్టా మీద పరిచి గుప్పెడు గుప్పెడుగా నూనె పట్టించడం. ఎక్కువైతే జిడ్డు కట్టి బూజు పడుతుంది, తక్కువైతే పురుగుకి పండగ. ప్రతి గింజా మెరవాలి, ఒక్క గింజా చేతికి అంటుకోకూడదు. ఆ పని చేసీ చేసీ ఆమె నూనెక్క అయింది. అసలు పేరు ఎవరైనా పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూడదు.

"ఈ పెసలు పట్టించిన రోజు డబ్బా ఎవరు తెచ్చారు?" అన్నాడు మేనేజరు.

 అందరి కళ్ళూ ఒకవైపుకే తిరిగాయి. నూనెక్క ఆడపడుచు తూకం పక్కన నిలబడి ఉంది. ఈ పంటకాలంలోనే పనిలో చేరింది. డబ్బాలు తేవడం, ఖాళీవి తీసుకెళ్ళడం, పట్టాలు దులపడం ఆమె పని. నోట్లో నువ్వుగింజ నానదని గోదాంలో ఆమెకి వసపిట్ట అని పేరు పెట్టారు. ఆ వసపిట్ట ఇప్పుడు నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది.

"నేనేనండీ తెచ్చాను. ఎడమ గోడ వరసలోంచే తెచ్చాను. ఎప్పుడూ అటే కదా ఆముదం?"

"గోడలకి సున్నం వేసినప్పుడు డబ్బాలన్నీ బయటపెట్టి మళ్ళీ సర్దారు కదా, చూసుకోవాలా లేదా?"

"నాకేం తెలుసండీ..."

ఆమె వదిన వైపు చూసింది. అందరూ అటే చూశారు. మూత తీసేది నూనెక్క. గోదాంలో అది శాసనం లాంటిది. డబ్బా మూత ఇంకెవరూ ముట్టరు. ఆమె మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఊ అన్నాకే నూనె గింజ మీద పడుతుంది. డబ్బాల మీద రంగుతో పేర్లు రాయిద్దామని అంతకుముందోసారి మేనేజరు అంటే, "ముక్కున్నదానికి రాతలెందుకండీ?" అని ఈవిడే నవ్వి కొట్టిపారేసింది. అప్పుడు గోదామంతా నవ్వింది.

ఇప్పుడు ఆమె చెప్పాల్సిన మాట ఒక్కటే. చలి మొదలైనప్పుడు పట్టిన జలుబు తగ్గింది గానీ వాసన మాత్రం తిరిగి రాలేదని. సబ్బూ, కిరసనాయిలూ, వేపా, ఆముదమూ అన్నీ ఒకటేనని. రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అని చూస్తూ రోజులు నెట్టుకొస్తోందని. మాట గొంతుదాకా వచ్చింది. అక్కడే ఆ చేదుతో పాటు ఆగిపోయింది.

"నూనెక్క చూడకుండా పోస్తుందా?" అంది పంటినొప్పి ఆవిడ. "ఆవిడ అటు తిరిగినప్పుడు ఈ పిల్ల ఇంకో డబ్బా వంపేసి ఉంటుంది."

నూనెక్క తలెత్తలేదు. తేలు కుట్టిన దొంగలా పట్టా అంచు సర్దుతూ కూర్చుంది.

వంటాయన వెళ్ళాక ఆమె ఒక్కతే నూనెల గదిలోకి వెళ్ళింది. ఎడమ వరసలో డబ్బా మూత తీసి వేళ్ళు ముంచింది. మధ్యాహ్నపు వేడికి నూనె పలచగా జారిపోయింది. వేప. ఇప్పుడు వేళ్ళే చెబుతున్నాయి. కుడి వరసలో డబ్బాలో ముంచింది. చిక్కగా తీగ సాగింది. ఆముదం. ముక్కు పోయినప్పట్నించీ ఆమె వేళ్ళనే నమ్ముకుంది, అంతవరకూ వేళ్ళు ఒక్కరోజు కూడా తప్పు చెప్పలేదు. ఆ పెసలు పట్టించిన రోజు తెల్లారి ఒకటే చలి. చలికి వేపనూనె పేరుకుంటుంది, చిక్కబడి అచ్చం ఆముదంలా జారుతుంది. ముడి ఆముదానికీ దానికీ ఆ చీకటి గదిలో రంగు తేడా ఏం తెలుస్తుంది? మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది, అలవాటుగా ఊ అంది, పోసింది.

నాటకం. ఇన్నాళ్ళుగా రోజూ నాటకమే. ఆమెకి తన మీద తనకే రోత పుట్టింది. పమిటతో వేళ్ళు తుడుచుకుని, మూతలు పెట్టి, డబ్బాలు ఒక్కొక్కటిగా వాటి వాటి వరసలకి మార్చింది. నడుం పట్టేసింది. సాయానికి ఆడపడుచుని పిలవాలనిపించలేదు.

సాయంత్రం ఇద్దరూ కలిసే ఇంటికి నడిచారు. చెప్పుల దుకాణం దాటి, సైకిళ్ళు బాగుచేసే కొట్టు దాటి, బేకరీ మలుపు దాకా వసపిట్ట ఒక్క మాట మాట్లాడలేదు. బేకరీ దగ్గర ఆగి తలెత్తి పైకి చూసింది. మేడ మీద ఒక్క గది. ఒక్క కిటికీ. తలుపుకి కొత్తగా నీలం రంగు వేశారు.

"గది జీతం వచ్చే మనిషికే ఇస్తానంది వదినా బేకరీ ఆవిడ. ఈ వారం దాకా ఎవరికీ మాటివ్వనంది. పొద్దున్నే రొట్టెల వాసనకే మెలకువ వస్తుందట, గడియారం కూడా అక్కర్లేదు," అంది.

"ఊ."

"అన్నయ్య మిషను వెనకాల గుడ్డ పేలికల్లో పడుకుని పడుకుని నేనూ ఓ పేలికనైపోయాను. నా తలుపు నేను వేసుకుని పడుకోవాలని ఉంది. ఒక్కసారి వేసి, తీసి, మళ్ళీ వేస్తాను. ఎవరేమంటారు?"

"ఎవరేమంటారే, నీ గది."

"ఈ గొడవలో నా పని పోదుగా?"

నూనెక్క పైట సర్దుకుని ముందుకి నడిచింది. వసపిట్ట రెండడుగులు వేసి, మళ్ళీ ఆగింది.

"వదినా, ఒకటడుగుతాను, కోప్పడకు. నేను తప్పు డబ్బానే తెచ్చాననుకో. నువ్వు మూత తీసి వాసన చూస్తావు కదా. నీకెందుకు తెలియలేదు?"

రోడ్డు మీద మనుషులు వస్తున్నారు, పోతున్నారు. ఎవరో సైకిలు గంట కొట్టి పక్కకి జరగమన్నారు. నూనెక్క జరిగింది. ఇంతకంటే తేలికగా అడిగేవాళ్ళు దొరకరని ఆమెకి తెలుసు.

"ఆ రోజు కొంచెం జలుబుగా ఉండింది," అంది.

"అలాగా," అంది వసపిట్ట. మళ్ళీ నడిచారు.

ఇంట్లో నూనెక్క మొగుడి దర్జీ మిషను టకటకా ఆడుతూనే ఉంది. భార్యా చెల్లెలూ లోపలికి వస్తే కాళ్ళు ఒక పక్కకి పెట్టి దారిచ్చాడు తప్ప తలెత్తలేదు. అతనూ అలిసే ఉన్నాడు. కళ్ళు పనికి సరిపోవడం లేదు, నాలుగు చొక్కాలు కుట్టేచోట రెండే అవుతున్నాయి. ఈ రెండు గదులూ ఇప్పుడు నడుస్తున్నది నూనెక్క చేతుల మీద. ముక్కు లేని నూనెక్కని ఎవరు నూనెక్క అంటారు? చెరిగే వరసలో కూర్చోబెడతారు. దుమ్ములో, దగ్గులో, అందరికంటే చివర. దానికైనా సిద్ధమే అనుకుంటే, ఇన్నాళ్ళు అబద్ధమాడినదాన్ని ఆ వరసలోనైనా ఉంచుతారా?

అన్నం పొయ్యి మీద పెట్టి పక్కనే కూర్చుంది. మొగుడు ఇచ్చిన చొక్కాకి కాజాలు కుడుతోంది. సూది ఎక్కించింది, లాగింది, ఎక్కించింది, లాగింది. పొద్దున్నించీ జరిగిందంతా బుర్రలో తిరుగుతోంది. పంటినొప్పి ఆవిడ మాట, అందరి కళ్ళూ, తన మౌనం. ఆ మౌనం తన నోట్లోంచి వచ్చిన మాటలన్నిటికంటే పెద్ద అబద్ధం అనిపించింది.

"ఏమిటా కంపు? ఇల్లు తగలబెడుతున్నారా?" మొగుడు ముందు గదిలోంచి అరిచాడు.

స్నానాల గదిలోంచి వసపిట్ట తడిచేతులతో పరిగెత్తుకొచ్చి పొయ్యి ఆర్పింది. గిన్నె అడుగున అన్నం బొగ్గయింది. గదిలో పొగ కమ్మింది, దీపం చుట్టూ మసగ్గా ఉంది. నూనెక్క చేతిలో సూది అలాగే ఉంది.

"ఏదో ఆలోచనలో పడ్డాను," అంది.

"పక్కన కూర్చుని! ముక్కు గోదాంలో మరిచిపోయొచ్చావా?" అన్నాడు దర్జీ గుమ్మంలో నిలబడి.

వసపిట్ట గిన్నె వైపు చూసింది. తర్వాత వదిన మొహం వైపు చూసింది, కాస్త ఎక్కువసేపే చూసింది. ఆపైన కిటికీ తెరిచి, గిన్నెలో నీళ్ళు పోసి నానబెట్టి, మళ్ళీ బియ్యం కడిగింది. తింటున్నంతసేపూ కూడా మాట్లాడలేదు. ఆ ఇంట్లో ఆమె నోరు విప్పకుండా భోజనాలు ముగియడం ఎవరికీ గుర్తులేదు. పని పోతుందని దిగులు పడుతోందని నూనెక్క అనుకుంది.

మర్నాడు గోదాం తెరవగానే మేనేజరు నూనెక్కని తన గదికి పిలిచాడు. బల్ల మీద పెసల నమూనాల పొట్లాలు పక్కకి నెట్టి కూర్చోమన్నాడు. కూర్చోమన్నాడంటేనే మంచి మాట కాదని ఆమెకి తెలుసు.

"పై ఆఫీసు వాళ్ళు ఫోన్ చేశారు. ఆసుపత్రి వాళ్ళు గొడవ పెట్టారట. ఎవరి తప్పో తేల్చి, వాళ్ళని పంపించేయమన్నారు. నీ ఆడపడుచుని రేపట్నించి రావద్దని చెప్పు."

"నన్ను చెప్పమంటారా?"

"నీ మనిషే కదా. నేను చెబితే ఏడుస్తుంది."

బయట చెరిగే ఆడవాళ్ళ చేటలు లయగా చప్పుడు చేస్తున్నాయి. నూనెక్క తన అరచేతులు చూసుకుంది. గోళ్ళ చుట్టూ నూనె ఇంకి చర్మం నల్లబడింది.

"తప్పు దానిది కాదండీ," అంది. "నాది."

"అంటే?"

"నాకు వాసన తెలియట్లేదు. చలి మొదలైనప్పట్నించీ లేదు. ఆ డబ్బా మూత నేనే తీశాను, నేనే పోశాను. అదేంటో నాకు తెలియలేదు."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు.  అతను చెడ్డవాడేం కాదు. పిల్లల పరీక్షలప్పుడు అడిగినవాళ్ళకి సెలవిచ్చేవాడు, ఎవరికైనా జ్వరమొస్తే మాత్రలు తెప్పించేవాడు. లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"ఈ మాట ఇంకెవరితో అన్నావు?"

"ఎవరితోనూ అనలేదు."

"అనకు."

"అది కాదండీ..."

"చెప్పేది విను. ఈ జిల్లాలో ఇన్ని గోదాములుండగా రైతులు విత్తనానికి మన దగ్గరికే ఎందుకొస్తారు? నా మొహం చూసా? నూనెక్క వాసన చూసి ఇచ్చిన విత్తనం పురుగు పట్టదని వస్తారు. నీ ముక్కు పోయిందని తెలిస్తే, ఈ చలికాలంలో నువ్వు ఊ అన్న ప్రతి బస్తా వెనక్కొస్తుంది. ఆపైన నువ్వూ ఉండవు, నేనూ ఉండను, ఆ చెరిగేవాళ్ళూ ఉండరు. ఎవరో ఒకరు పోవాలి. ఆ పిల్ల నిన్నగాక మొన్న వచ్చింది, ఇంకోచోట చేరుతుంది. నువ్వు పోతే నీ పని ఎవరు చేస్తారు?"

"ఏ తప్పూ చెయ్యందాన్ని పంపిస్తారా?"

"నేనేం ఉరి తీస్తున్నానా? డబ్బాల మీద పేర్లు రాయిస్తాను. నువ్వు చదువుకుని నూనె పొయ్యి. ముక్కు నిదానంగా అదే వస్తుంది." అతను పొట్లాలు మళ్ళీ తన ముందుకి లాక్కున్నాడు. "నువ్వు నాకేం చెప్పలేదు, నేనేం వినలేదు. వెళ్ళు."

బయటికొచ్చాక ఆమెకి మొదట కలిగింది కోపం కాదు. హమ్మయ్య అనిపించింది. ఒంట్లో ఏదో బరువు దిగినట్టయింది. చెప్పాను కదా, నా వంతు నేను చెప్పాను, ఆయన వినకపోతే నేనేం చేయను అనుకుంది. ఆ అనుకోవడం పూర్తయీ కాకముందే సిగ్గేసింది. సిగ్గేసినా ఆ తేలిక మాత్రం పోలేదు. రెండూ కలిసి ఆమెని మరింత అలసటలోకి నెట్టాయి. ఆ పూటంతా మాట్లాడకుండా మినుములకి ఆముదం పట్టించింది. గుప్పెట్లోకి తీసుకుని, అరచేతుల మధ్య రుద్ది, వదిలి, మళ్ళీ తీసుకుని. డబ్బా తెచ్చిన ఆడపడుచు ఈమె మూత తీసేదాకా అక్కడే నిలబడి, తీశాక వెళ్ళిపోయింది. అలా ఎందుకు నిలబడిందో నూనెక్క ఆలోచించలేదు.

సాయంత్రం గోదాం గుమ్మంలోనే చెప్పింది.

"రేపట్నించి రావద్దన్నారే. పై ఆఫీసు వాళ్ళు గొడవ చేస్తున్నారట. పొద్దున వచ్చి నీ టిఫిను డబ్బా, పాత చీరా తీసుకెళ్ళిపో."

"సరే," అంది వసపిట్ట.

ఏడుస్తుందనుకుంది, దెబ్బలాడుతుందనుకుంది. సరే అని, వెళ్ళకుండా, గుమ్మం పట్టుకుని అక్కడే నిలబడింది. నూనెక్క తాళం వెతుకుతున్నట్టు కొంగు ముడి విప్పింది, కట్టింది. కాసేపటికి వసపిట్ట తనకి బేకరీ దగ్గర పనుందని చెప్పి ఒక్కతే వెళ్ళిపోయింది. ఇంటికి వచ్చాక అన్నగారు "ఏమే, నోటికి తాళమేశావా?" అని ఎగతాళి చేస్తే, "నాలుక కాలింది అన్నయ్యా," అని పక్క వేసుకుంది.

పొద్దున్నే విత్తనానికి మనుషులు వచ్చేశారు. గేటు బయట ట్రాక్టరు, రెండు ఆటోలు. చలికి చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డారు. వాళ్ళకో అలవాటుంది. మూటగట్టిన బస్తాని నమ్మరు. మూతి విప్పించి, దోసెడు గింజలు తీసి నూనెక్క దోసిట్లో పోస్తారు. ఆమె మొహం దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని పీల్చి, "పట్టుకెళ్ళండి" అంటుంది. అప్పుడు గానీ బస్తా బండెక్కదు. ఈ చలికాలమంతా ఆమె కళ్ళు మూసుకుంటూనే ఉంది, పట్టుకెళ్ళండి అంటూనే ఉంది. వేపనూనె తనే పట్టించిందన్న ధైర్యంతో అనేది. పెసల సంగతి బయటపడ్డాక ఆ ధైర్యం కూడా లేదు.

మొదటి బస్తా ఓ నడివయసు రైతు ఆవిడది. కిందటేడు వేరేచోట కొన్న అలసందలు సగం పుచ్చిపోయి, విత్తితే మొలవలేదని, ఈసారి నూనెక్క ఇస్తేనే చల్లుతానని పక్కవాళ్ళతో చెబుతోంది. చెబుతూనే దోసెడు గింజలు తెచ్చి నూనెక్క చేతుల్లో పోసింది.

"చూడక్కా. నువ్వు బాగుందంటే బాగున్నట్టే."

గింజలు చల్లగా ఉన్నాయి. చేతికి అంటలేదు. నూనెక్క దోసిలి మొహం దగ్గరికి తీసుకుంది. అప్పుడే టిఫిను డబ్బా, మడత పెట్టిన పాత చీర చంకలో పెట్టుకుని ఆడపడుచు నూనెల గదిలోంచి బయటికొచ్చింది. ఎవరి వైపూ చూడకుండా గేటు వైపు నడుస్తోంది. మేనేజరు తన గది కిటికీలోంచి చూస్తున్నాడు.

నూనెక్క కళ్ళు మూసుకోలేదు.

"నాకు తెలియట్లేదమ్మా," అంది.

"ఏం తెలియట్లేదు?"

"వాసన. నాకు ముక్కు పనిచేయట్లేదు. ఆసుపత్రి పెసల్లో వేపనూనె పోసింది నేనే. అదిగో ఆ పిల్ల కాదు."

గొంతు పెద్దది చేసి అనలేదు. మామూలుగానే అంది. అయినా చేటలు ఆగిపోయాయి. ట్రాక్టరు దగ్గర బీడీ కాలుస్తున్నవాడు దగ్గరికొచ్చాడు.

"ఎప్పట్నించి?" అంది రైతు ఆవిడ.

"చలి మొదలైనప్పట్నించి."

"మరి పోయిన వారం మా మరిది వస్తే వాసన చూసి పట్టుకెళ్ళమన్నావే? కళ్ళు కూడా మూసుకున్నావట. ఆయన ఇంటికొచ్చి చేసి చూపించాడు."

 "తప్పయింది," అంది నూనెక్క. ఇంతమంది ముందు ఆ మాట అనడం ఎలా ఉంటుందో ఆమె రాత్రంతా ఊహించుకుంది. ఊహించుకున్నంత ఘోరంగానే ఉంది. చెవులు వేడెక్కాయి.

"నమ్మి వచ్చినందుకు మంచి శాస్తే," అన్నాడు బీడీ ఆయన. ఎవరో నవ్వారు, ఎవరో ఊరుకోమన్నారు. రైతు ఆవిడ మాత్రం బస్తా వైపు, నూనెక్క వైపు మార్చి మార్చి చూసింది. ఆవిడకి కోపం కంటే దిగులు ఎక్కువగా ఉంది. అదును దాటిపోతోంది.

"అయితే ఇప్పుడు ఇదేంటో ఎవరు చెప్తారు?"

"దాన్ని అడగండి," అంది నూనెక్క.

గేటు దగ్గర ఆగిపోయిన వసపిట్ట అందరూ తన వైపే చూస్తుంటే వెనక్కి వచ్చింది. డబ్బా, చీర కింద పెట్టింది. వదిన దోసిట్లోంచి గింజలు తన దోసిట్లోకి తీసుకుని వాసన చూసింది. ఓ గింజ గోటితో గిల్లి మళ్ళీ చూసింది. బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగునుంచి గుప్పెడు తీసి, అదీ చూసింది.

"వేపేనండీ. అడుగుదాకా పట్టింది. గుడ్డు కూడా లేదు. తీసుకెళ్ళండి," అంది.

రైతు ఆవిడ బస్తా మూతి కట్టించింది. మిగతావాళ్ళు గొణుక్కుంటూనే వరసలో నిలబడ్డారు. ఇంకేం చేస్తారు, విత్తనం కావాలి. పోయిన వారం తీసుకెళ్ళినవాళ్ళ బస్తాలు కూడా తెచ్చి చూపించమని కబురు పంపుతామని బీడీ ఆయన బెదిరించినట్టే అన్నాడు. "తెమ్మనండి, చూస్తాను," అంది వసపిట్ట.

బళ్ళు వెళ్ళిపోయాక మేనేజరు బయటికొచ్చాడు. అరుస్తాడనుకున్నారు. అరవలేదు.

"నీ పేరే చెప్తాను పై ఆఫీసుకి," అన్నాడు నూనెక్కతో.

"చెప్పండి."

"పంపించెయ్యమంటే నేనాపలేను."

"ఆపొద్దు."

అతను గోదాంలో ఖాళీగా ఉన్న సగం వైపు చూశాడు. పంట ఇంకా సగం లోపలికి రావాల్సి ఉంది. పురుగు ఎవరి కోసమూ ఆగదు. "వాళ్ళేదో ఒకటి తేల్చేదాకా డబ్బాలు నువ్వు మొయ్యి. దానికి చేతిపని నేర్పు," అని వెళ్ళిపోయాడు. అంతా తారుమారు అయ్యింది, ఆ రెండు ముక్కల్లోనే. పంటినొప్పి ఆవిడ "ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం," అని పక్కావిడ చెవిలో అంది, అందరికీ వినపడేలా.

ఆ రోజు నూనెక్క డబ్బాలు మోసింది. భుజం మీద పెట్టుకుంటే మెడ పట్టేసింది, చంకలో పెట్టుకుంటే నడుం వంగిపోయింది. ఈ పని ఇంత బరువని పంటకాలమంతా ఆడపడుచు చేత చేయించినా ఆమెకి తెలియలేదు. మధ్య మధ్యలో పట్టా పక్కన గొంతుక్కూర్చుని చెప్పింది. అంత గట్టిగా రుద్దకు, పొట్టు లేస్తుంది. మధ్యలో పోసి అంచులకి లాగు. ఆ మూల గింజలు ఇంకా మెరవట్లేదు. వసపిట్ట చెప్పినట్టల్లా చేసింది. ఊ అంది, సరే అంది, ఇంకో మాట లేదు. సాయంత్రానికి ఆమె చేతులు మోచేతుల దాకా నూనె.

అందరూ వెళ్ళాక ఆవరణలో వాళ్ళిద్దరే మిగిలారు. నూనెక్క ఖాళీ డబ్బాలు వరస పెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"నీకు ముందే చెప్పాల్సింది," అంది.

"నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"నీ ముక్కు సంగతి. అన్నం మాడిన రోజే తెలిసింది. ఇల్లంతా పొగ వదినా, నువ్వు పక్కనే కూర్చుని కాజాలు కుడుతున్నావు."

నూనెక్క డబ్బాల మీద కూర్చుంది. "మరి అడగలేదేం?"

"రోడ్డు మీద అడిగాను. జలుబన్నావు." వసపిట్ట పాత గుడ్డతో చేతులు తుడుచుకుంటోంది, ఒక్కో వేలూ. "తర్వాత అడగలేదు. నువ్వే చెప్తావేమోనని చూశాను."

"నిన్న మేనేజరుకి చెప్పానే. ఆయనే..."

"చెప్పావా?" ఆమె చేతులు ఆగాయి. "ఆయనకి చెప్పి, సాయంత్రం గుమ్మంలో నాతో ఏం చెప్పావు? రేపట్నించి రావద్దన్నావు. సరే అన్నాక కూడా కాసేపు అక్కడే నిలబడ్డాను. అప్పుడు కూడా చూశాను."

నూనెక్కకి ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆ పిల్ల తననే ఓదార్చాల్సి వస్తుందని ఆపుకుంది.

"ఇవాళ చెప్పాను కదే. అందరి ముందూ చెప్పాను. నీ పని నీకుంది. ఆ గదికి..."

"గది నిన్న సాయంత్రమే వేరేవాళ్ళకి ఇచ్చేసింది. ఎవరో నర్సట. నేనే వెళ్ళి నాకు పని పోయిందని చెప్పొచ్చాను. జీతం లేకుండా ఉంచుకోమని ఎలా అడగను?"

ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేదని నూనెక్కకి అనిపించింది. తిట్టినా, శపించినా, అన్నయ్యతో చెప్పి రభస చేసినా బాగుండేది. ఒక్క పూట ముందు నోరు తెరిచి ఉంటే ఈపాటికి ఆ నీలం తలుపు తాళంచెవి ఈ పిల్ల కొంగున ఉండేది. ఇక మళ్ళీ ఆ మిషను వెనకే, ఆ పేలికల్లోనే. తను లేచినప్పుడల్లా, తను పడుకున్నప్పుడల్లా, నాలుగడుగుల దూరంలో.

"ఇంకో గది చూద్దాం," అంది, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

వసపిట్ట గుడ్డ తీగ మీద ఆరేసి, పట్టా దగ్గరికి నడిచి, వంగి రెండు మూలలూ పట్టుకుంది.

"ఆ కొస పట్టుకో వదినా. మంచు పడకముందే మడవాలి, తడిస్తే రేపు గింజ ఆరదు."

నూనెక్క లేచి వెళ్ళి అవతలి మూలలు పట్టుకుంది. ఇద్దరూ ఎత్తి దులిపారు. ఎదురెదురుగా నడిచి అంచులు కలిపారు. మళ్ళీ దూరం జరిగి, మళ్ళీ దగ్గరికి నడిచారు.

"వంకర పోతోంది, సరిగ్గా పట్టుకో," అంది వసపిట్ట.

నూనెక్క సరిగ్గా పట్టుకుంది.